చిలుకకి తాళమెందుకు?

మా కోడలు పెట్టె చేసిపెట్టమని అడిగిన రోజు నుంచీ నాకు అనుమానమే. పశువుల ఆసుపత్రిలో నర్సు తను. నోరు తెరిచి ఇది కావాలని అడిగే రకం కాదు. అలాంటి పిల్ల మంగళవారం పొద్దున్నే మా ఇంటి కింది షెడ్డులోకి వచ్చి, నేను రంపం మిషను మీద చెక్క తోస్తుంటే నా వెనక నిలబడి ఏదో చెప్పింది. "చిలు..." అన్నది చెవిన పడింది. "పెట్టె" అన్నది పడింది. "ఆదివారం" కూడా పడింది. మిగతాదంతా రంపం మింగేసింది. చిలుక కాబోలు అనుకుని తల ఊపాను.

అసలు సంగతేమిటంటే నాకు వినపడదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది ఆ దారిలోనే ఉంది. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. టింబరు డిపోలో నా ఈడువాడొకడు వెనక నుంచి అరిచింది వినపడక రెండు వేళ్లు రంపానికి ఇచ్చుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి "వినపడనివాళ్లని మిషను దగ్గరికి రానివ్వకూడదు" అన్నాడు. అది మాత్రం శుభ్రంగా వినపడింది! నలభై ఏళ్లుగా ఆ మిషనే నా బతుకు. అది లాక్కుంటే నేను ఈ ఇంట్లో ఎవరిని? మూలన పడేసిన కుర్చీని.

కోడలు ఓ కాగితం కూడా ఇచ్చి వెళ్లింది. పొడవు నాలుగడుగులు, లోతు రెండు, ఎత్తు ఒకటిన్నర. ముందు వైపు జరిపే అద్దాలు, తాళం. లోపల ఓ పక్కన వెచ్చదనానికి బల్బు, ఒళ్లు తగిలి కాలకుండా దాని చుట్టూ జాలీ. దాక్కోవడానికి రెండు చిన్న గూళ్లు, వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి. వాసనొచ్చే చెక్క వద్దు. సందులు అసలే వద్దు.

చదివినకొద్దీ అనుమానం ముదిరింది. ఒకటిన్నర అడుగుల ఎత్తులో ఏ చిలుక ఎగురుతుంది? సందులు లేకపోతే దానికి గాలెలా ఆడుతుంది? చిలుకకి తాళమెందుకు? దాక్కోవడం ఎవరి నుంచి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "దాక్కోవడానికి" అన్న మాట కింద గీత కూడా గీసింది. ఇదెక్కడో కొట్టుకొచ్చిన చిలుక అని తేల్చేసుకున్నాను.

దానికి తోడు ఇంట్లో గుసగుసలు. నేను గదిలో అడుగుపెడితే ఇద్దరి మాటా ఠక్కున ఆగిపోయేది. గురువారం సాయంత్రం ఇక ఆగలేక కుడి చెవి తలుపుకి ఆనించాను.

"నాన్న మిషను సంగతి..." అన్నాడు మావాడు.

"ఇప్పుడే చెప్పకండి, బాధపడతారు," అంది కోడలు.

ఇంకేముంది, మిషను అమ్మేస్తున్నారు! నన్ను ఏమార్చడానికే ఈ చిలుకా, ఈ పెట్టే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడండి అనుకున్నాను.

ఆ కోపమంతా పనిలో పెట్టాను. పొడవూ ఎత్తూ తారుమారు రాసిందని పెట్టెని నిలువుగా నిలబెట్టేశాను. అద్దాల బదులు అంగుళం అంగుళానికి ఓ చువ్వ దింపాను. లోపల అడ్డంగా రెండు కొమ్మలు, ఓ బుల్లి ఉయ్యాల. తాళం మాత్రం పంతానికి పెట్టలేదు.

ఆదివారం పొద్దున కోడలు మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి రెండు చేతులా పట్టుకుని షెడ్డులోకి దిగింది. వెనకే మావాడు. పంజరం చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"కొండచిలువకి ఉయ్యాలేంటి నాన్నా?" అన్నాడు వాడు, నా ముఖంలోకి చూస్తూ.

కోడలు మూత కొంచెం పక్కకి జరిపింది. గోధుమరంగు మచ్చల పాము, నా బొటనవేలంత లావుది, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుని ఉంది. ఎవరో పెంచలేక ఆసుపత్రిలో వదిలేసి వెళ్లిన విదేశీ జాతిదని తర్వాత తెలిసింది. చిలువ. చిలుక కాదు. ఒక్క అక్షరం దగ్గర నా పరువంతా పోయింది. ఆ చువ్వల్లోంచి అది ఎంతసేపట్లో జారిపోయి ఉండేదో తలుచుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"తప్పు నాదే," అంది కోడలు గబగబా. "మావయ్యకి చిలుక అనే చెప్పాను. నోరు జారింది."

శుద్ధ అబద్ధం. ఎందుకు చెబుతోంది? రేపు నన్ను గుప్పిట్లో పెట్టుకోవడానికా? ఆ పిల్ల ముఖంలో దొంగతనం కోసం వెతికాను. కనపడింది భయం, అదీ నా కోసం. నామీద నాకే అసహ్యం వేసింది.

"ఆమె సరిగ్గానే చెప్పిందిరా," అన్నాను. "నాకే వినపడలేదు. రెండేళ్లయింది వినపడక. ఇంకెందుకు ఆలస్యం, అమ్మేయండి నా మిషను!"

మావాడు తెల్లమొహం వేశాడు. "ఏ మిషను?"

"గురువారం మీరు గుసగుసలాడుకున్న మిషను."

కోడలు డబ్బాని బల్ల మీద పెట్టి నా ఎదుటికి వచ్చింది. "అది చెవి మిషను, మావయ్యా. మీకు కొందామని."

"అంటే మీకు ముందే తెలుసా?"

"తెలుసు నాన్నా. నువ్వే చెప్తావని చూశాం," అన్నాడు వాడు.

"తెలిసి నన్ను రంపం దగ్గరికెలా రానిచ్చావురా?"

వాడు తల దించుకున్నాడు. "నీ కోపానికి భయపడి."

గోడకున్న రంపం మిషను ఫ్యూజు పీకి వాడి చేతిలో పెట్టాను. "చెవి మిషను వచ్చాక ఇద్దువుగాని."

పంజరం విప్పి చెక్కలు విడదీశాను. చేతి రంపం తీసుకున్నాను.

"ఇక్కడ వద్దు, పెట్టె పై గదిలో పెడదాం," అంది కోడలు. "పాము చెవులు అంటాం గానీ దీనికి బయటికి చెవులే లేవు. నేల అదిరితే మాత్రం బెదిరిపోతుంది. తల పట్టే సందుంటే చాలు, ఒళ్లంతా పట్టించేస్తుంది."

తర్వాత ఏదో కొలత చెప్పింది. పెదాలు కదలడం కనపడింది, మాట అందలేదు.

"వినపడలేదమ్మా," అన్నాను. "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది, నెమ్మదిగా, ముఖం నా వైపు తిప్పి. ఆ పూట నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి సిగ్గు వేయలేదు.