వల ఇచ్చిన మనిషి

రాజమండ్రిలో వాన పట్టుకునేసరికి నాగదుర్గకి ఎదురుగా కనిపించిన తలుపు మ్యూజియానిది. గోదావరి గట్టున, ఒకప్పటి లాంచీల షెడ్డులో పెట్టారు దాన్ని.

“అందులోకెందుకే, తుప్పట్టిన ఇనుము చూడ్డానికా? బజారుకెళ్దాం పద,” అన్నాడు మొగుడు బుల్లియ్య.

నాగదుర్గ అతని మొహంలోకి చూసింది. పడవలో పెట్టిన వల వరదకి కొట్టుకుపోయిందని అతను చెప్పి నెలైంది. కొత్తది అల్లడానికి దారం కొందామని తనే బయలుదేరదీసింది. పొద్దున్నుంచీ రెండు కొట్ల ముందు నిలబడి, రంగు బాలేదని వెనక్కి లాక్కొచ్చాడు. వలకి రంగేంటి? ఇప్పుడు, ఇంత వానలో బజారు గుర్తొచ్చిందా?

“నువ్విక్కడే ఉండు మావా,” అని లోపలికి వెళ్లింది.

లాంచీ ఇంజను, రైసుమిల్లు చక్రాలు, కాలవ లాకుల తలుపులెత్తే మరలు. ఆ పక్కన గోడకి పరిచి కట్టిన విసురువల. దాటబోయి ఆగింది. మొద్దు తగిలి చిరిగిన చోట వేసిన ముడులన్నీ ఎడమకి తిరిగి ఉన్నాయి. ఊళ్లో ఎడంచేత్తో వల అల్లేది తనొక్కతే. ఆ ముడులు చూసే అత్తగారు పోయేదాకా తనని సాధించింది.

“ముట్టుకోకూడదండి,” అన్నాడు కాపలా చూసే పల్లంరాజు.

“ఇదెక్కడ దొరికిందండి మీకు?”

“దొరకడమేంటండి, ఓ పెద్దమనిషి తెచ్చిచ్చాడు. రొయ్యల చెరువు కాపలాకి కుదిరాడంట, ఇక వేటకెళ్లనన్నాడు. కింద పేరు రాశాం చూడండి.”

చీటీ మీద ‘బుల్లియ్యగారు’ అని ఉంది. అతన్ని గారు అన్నవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో తడిసి నిలబడి ఉన్నాడు.

“ఏట్లో చేపలేవే? చెరువు యజమాని ఆదినారాయణరాజుగారు నెలజీతం ఇస్తానన్నారు. చెప్తే ఒప్పుకుంటావా నువ్వు?”

“అడిగావా?”

అతను తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. నాగదుర్గ పల్లంరాజు వైపు తిరిగింది.

“ఇది నేనల్లిన వలండి. విప్పించండి.”

“ఆయన సంతకం పెట్టి ఇచ్చాడమ్మా. ఆఫీసరుగారు నాలుగింటికొస్తారు, ఆయన్నడగాలి.”

“అడుగుతాను.” నాగదుర్గ వల కింద నేల మీదే కూర్చుంది. “నువ్వు చెరువుకెళ్లు మావా. ఇన్నాళ్లూ పడవ నేనే తోశాను. వల విసరడం కూడా నేర్చుకుంటాను.”