కోరికపై ఇంటికి

బట్టల తాను విప్పగానే కొనేవాడి కన్ను ఎక్కడ పడుతుందో అమ్మేవాడికి ముందే తెలియాలి. బెజవాడలో బట్టల కొట్టు అరుగు మీద పెరిగిన వసుమతికి ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఒంటికి పట్టింది. సముద్రాలు దాటి ప్లేనో వచ్చి పద్దెనిమిదేళ్ళయినా ఆ కన్ను ఆమెను వదల్లేదు. అందుకే బుధవారం ఉదయం కారు తాళాలు బల్ల మీద పెడుతూనే స్క్రీన్ మీద ఏడు ఎర్ర గడులు చూసింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. తొమ్మిది దేశాల్లో నలభై ఆస్పత్రులు తాము చేసిన గుండె ఆపరేషన్ల కేస్ షీట్లు స్కాన్ చేసి పంపిస్తాయి. ప్లేనోలోని ఈ ఆఫీసులో పదకొండుమంది వాటిని చదివి ఒక రిజిస్ట్రీలోకి ఎక్కిస్తారు. మనిషి వయసెంత, కోత ఎక్కడ, ఆస్పత్రి నుంచి ఎలా వెళ్ళాడు, ముప్ఫై రోజుల తర్వాత బతికే ఉన్నాడా. ఆ లెక్కలు చూసి రిజిస్ట్రీ వాళ్ళు ఆస్పత్రులకు రేటింగు చుక్కలు ఇస్తారు. పదకొండుమందికి లీడ్ వసుమతి.

ఎర్ర గడి అంటే మరణం. ఏడూ కోస్తాలోని ఒకే ఆస్పత్రివి. ఆ ఆస్పత్రికి మూడేళ్ళుగా మరణాలు సున్నా. ఎక్కించినది ప్రేమజ్యోతి.

"ప్రేమజ్యోతీ, ఒకసారి ఇలా రా."

ప్రేమజ్యోతి చేరి ఆరు నెలలు. కాకినాడలో పన్నెండేళ్ళు ఐసీయూ నర్సుగా చేసి వచ్చిన మనిషి. పిలిస్తే వస్తుంది, కుర్చీ చూపిస్తే కూర్చోదు.

"ఈ ఏడుగురూ చచ్చిపోయారని నీకెవరు చెప్పారు? కేస్ షీట్ చివరి పేజీలో ఏముంది? చదువు."

"అటెండర్ల కోరికపై ఇంటికి పంపడమైనది."

"ఇంటికి వెళ్ళినవాడు బతికున్నట్టా, పోయినట్టా?"

"వెంటిలేటర్ మీద ఉన్నవాడు ఇంటికి ఎలా వెళ్తాడో మీకు తెలియదా వసుమతి గారూ?"

తెలుసు. ప్లేనోలో ఆ గదిలో ఉన్న పదకొండుమందికీ తెలుసు. పెద్ద డాక్టరు అటెండర్లను, అంటే రోగి వెంట ఉన్నవాళ్ళను, పక్కకు పిలిచి, "ఇక మా చేతుల్లో లేదు, తీసుకెళ్ళండి" అంటాడు. ఇంటివాళ్ళు కాగితం మీద వేలిముద్ర వేస్తారు. కొన ఊపిరి ఉండగానే గుమ్మం చేరాలి, అదీ పట్టింపు. అంబులెన్స్‌లో ఒక నర్సు ఊపిరి అందించే గాలి సంచి నొక్కుతూ కూర్చుంటుంది. గుమ్మం ముందు బండి ఆగుతుంది, నర్సు చెయ్యి ఆగుతుంది. ఆస్పత్రి పుస్తకంలో మాత్రం మనిషి ఇంటికి వెళ్ళాడు. అబద్ధం కాదు కూడా.

"మాన్యువల్‌లో ఏముందో అదే ఎంటర్ చెయ్యి. నీకు తెలిసిందంతా చర్చిలో సాక్ష్యం చెప్పుకో."

"సాక్ష్యం రెండు చోట్లా ఒకటేనండి. ఆ సంచి నేను పదకొండుసార్లు నొక్కాను. ఇక మాన్యువల్ అంటారా, ముప్ఫయ్యో రోజు ఫోన్ చేసి కనుక్కోమని అందులోనే ఉంది. చేశాను. తొమ్మిదిమంది ఇళ్ళకి. ఏడుగురు పోయారు, ఒకళ్ళు ఎత్తలేదు. ఒకాయన నిక్షేపంలా ఉన్నాడు, గేదెకి కుడితి పెడుతూ మాట్లాడాడు. ఆయన్ని బతికున్నట్టే ఎక్కించాను."

"ఫోన్లు చెయ్యమని నీకు నేను చెప్పానా?"

"చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదంట కదా ఇన్నాళ్ళూ."

చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు సన్నగిల్లింది. అందరికీ వినిపిస్తోందన్నమాట.

"ఈ సాయంత్రానికి ఆ ఏడూ మార్చు. లేదంటే సోమవారం నుంచి నువ్వు మోకాళ్ళ ప్రాజెక్టులో ఉంటావు, రోజంతా ఎక్స్‌రేలు లెక్కపెట్టుకుంటూ."

"పంపించండి. మనిషిని ప్రాజెక్టు నుంచి తీస్తే ఆ మనిషి రికార్డులన్నీ నేరుగా ఆడిట్‌కి వెళ్తాయి. రూల్ మీరే కదా ట్రైనింగ్‌లో చెప్పారు."

వసుమతికి ఒళ్ళు మండింది. మంటలోనూ లెక్క తప్పలేదు, ఆ పిల్ల చెప్పింది నిజం. ఈ పనిలో ఎవరు ఎక్కించిన రికార్డుకి వాళ్ళే సంతకం పెట్టి తాళం వేస్తారు. ఆ తాళం వాళ్ళ చేత్తోనే తీయాలి, లీడ్ వేలు పెట్టడానికి వీల్లేదు. ఆడిట్ శుక్రవారం మధ్యాహ్నం.

మధ్యాహ్నానికి శ్యామ్‌సుందర్ దిగాడు. కంపెనీ అతనిది. ఆ ఆస్పత్రిని రిజిస్ట్రీలో చేర్పించింది కూడా అతనే. అయిదు చుక్కల సన్మానానికి వేదిక మీద తన కుర్చీ ఎక్కడో అప్పుడే అడిగి తెలుసుకున్నాడు.

"వసుమతి గారూ, సున్నా ఏడు అయిందట?"

"మాట్లాడుతున్నాను శ్యామ్ గారూ."

"మాట్లాడటం కాదండీ. శుక్రవారం పన్నెండింటికి సున్నా సున్నాగా ఉండాలి. లేకపోతే సోమవారం లీడ్ సీట్లో వేరే వాళ్ళుంటారు. పర్సనల్‌గా తీసుకోకండి."

పర్సనల్‌గా తీసుకోవద్దని చెప్పేవాడు కత్తి తుడుచుకుని మరీ వస్తాడు. పదేళ్ళ కిందట ఇద్దరే మనుషులతో ఈ పని మొదలైనప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు వసుమతి. ఆ సీటు ఆమెకు ఎవరూ బొట్టుపెట్టి ఇవ్వలేదు, ఊరికే వదులుకునేదీ కాదు.

గురువారం ఎనిమిదిన్నరకే ప్రేమజ్యోతిని మీటింగ్ గదిలోకి పిలిచింది. ఇక్కడ ఎనిమిదిన్నరంటే అక్కడ రాత్రి ఏడు, జనం ఇళ్ళల్లో ఉండే వేళ. రాత్రంతా ఆలోచించి ఒక దారి పట్టింది వసుమతి. ఏడింటిలో ఒక్కటి తప్పని తేలినా చాలు, ఏడూ నమ్మదగినవి కావని రాసి తాళాలు తీయించవచ్చు.

"నువ్వు రాసింది నిజమేనా అని చూస్తాను. నంబరు నేను ఏరుకుంటాను. నువ్వు నోరెత్తకూడదు."

"మీ ఇష్టం."

స్పీకర్ పెట్టింది. నాలుగో రింగుకి ఒక ఆడమనిషి ఎత్తింది.

"అమ్మా, గుండె ఆపరేషన్ల రిజిస్ట్రీ నుంచి మాట్లాడుతున్నాం. మీ ఇంట్లో ఆపరేషన్ అయినవారు ఇప్పుడు..."

"మళ్ళీనా? మొన్నే కదమ్మా ఒకావిడ అడిగింది. ఆవిడన్నా అడిగాక కాసేపు ఏడ్వనిచ్చింది. మీకేం కావాలి?"

"వివరం సరిచూసుకోవడానికండి. ఏ రోజు పోయారు?"

"ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజే. వీధి మలుపులోనే పోయాడు. అంబులెన్స్‌లో పిల్ల మాత్రం గుమ్మం దాకా సంచి నొక్కుతానే ఉంది, మా అత్త చూస్తోందని. ఆ పిల్లకి దణ్ణం పెట్టాలి. మీకు మాత్రం కాదు. పెట్టేయండి."

వసుమతి ఫోన్ బోర్లా పెట్టింది. ప్రేమజ్యోతి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో గెలిచిన సంతోషం లేదు. అది ఉంటే తిట్టడానికి వీలుగా ఉండేది.

"ఇంకొకటి చేస్తారా? ఆరున్నాయి."

"అక్కర్లేదు. వెళ్ళు."

"వెళ్తాను. ఒక్క మాట. నేను రాకముందు ఇదే ఆస్పత్రివి, ఇలా కోరికపై ఇంటికెళ్ళినవి ఇరవై మూడున్నాయి. ఇరవైముగ్గురూ ముప్ఫయ్యో రోజుకి బతికే ఉన్నారు. సంతకం మీది. వాళ్ళకెవరు ఫోన్ చేశారు?"

"నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదండి. నేను కాకపోతే శుక్రవారం ఆడిటర్ అడుగుతాడు. వాళ్ళకి మన అంబులెన్సుల సంగతి తెలియదు. తెలియనివాడు ఎక్కిస్తే పొరపాటు అంటారు. తెలిసి ఎక్కించినదాన్ని ఏమంటారో మీరే చెప్పాలి."

"బయటికి పో."

ప్రేమజ్యోతి వెళ్ళింది. తలుపు మెల్లగానే వేసింది.

వసుమతి వెళ్ళి కార్లో కూర్చుంది. ఎదురుగా ఇండియన్ గ్రాసరీ కొట్టు ముందు బియ్యం బస్తాలు ట్రాలీలోకి ఎత్తుతున్నారు. ఇరవై మూడు. ప్రేమజ్యోతి వచ్చేదాకా ఆ ఆస్పత్రి పని తనే స్వయంగా చేసింది. గడులు ఖాళీగా ఉండకూడదని పైనుంచి ఒకటే పోరు. ఇంటికి వెళ్ళాడంటే బతికున్నట్టే లెమ్మని వరసగా నొక్కుకుంటూ పోయింది. ఒక్కో గడికి అరనిమిషం. అప్పుడది చురుకుదనం.

ఇప్పుడు తూచి చూసింది. ప్రేమజ్యోతి ఏడూ నిలిస్తే తొమ్మిదిమందిలో ఏడుగురు పోయినట్టు. వాటి పక్కనే ఇరవై మూడుకి ఇరవై మూడూ బతికున్నట్టు. రెండు తానులూ ఒకే కొట్టువి, ఒకే మగ్గానివి. ఒకటి నిండా చిల్లులు, రెండోది అద్దంలా ఉందంటే కొనేవాడు ముందు దేన్ని పట్టుకుని లాగుతాడు? అద్దంలా ఉన్నదాన్నే. మరి ఆ ఏడింటిని మార్పించగలదా? ఆ పిల్ల చావనైనా చస్తుంది గానీ తాళం తియ్యదు.

కొట్టులో వాళ్ళ నాన్న లోపమున్న బట్టను మడతల మధ్య దాచేవాడు కాదు. మంచితనం అనుకునేవాళ్ళు ఊళ్ళో. మంచితనం కాదు, బేరం. "చిరుగు మనం చూపిస్తే ధర తగ్గుతుందే అమ్మడూ, వాడు చూస్తే వాడితో పాటు వీధంతా పోతుంది" అనేవాడు. రిజిస్ట్రీలోనూ అదే చట్టం. ఆడిటర్ చెయ్యి పడకముందు ఎవరి తాళం వాళ్ళు తీసి మార్చుకుంటే దాని పేరు సవరణ. చెయ్యి పడ్డాక దొరికితే తప్పుడు ఎంట్రీ. తప్పుడు ఎంట్రీ పడ్డ పేరు ఇక ఏ రిజిస్ట్రీలోనూ సంతకం పెట్టలేదు, ప్లేనోలోనే కాదు, ఈ దేశంలో ఎక్కడా.

సీటు నిలబెట్టుకుందామంటే పేరు పోయేలా ఉంది. ఆమె కారు దిగింది.

సాయంత్రం లోపల ఇరవై మూడు తాళాలూ తీసింది. ప్రతి గడిలోనూ 'బతికి ఉన్నారు' కొట్టేసి 'కనుక్కోలేదు' అని పెట్టింది. కారణం అడిగిన చోట "ఫోన్ చేయలేదు" అని, కింద తన పేరు. ఇరవై మూడుసార్లు.

శ్యామ్‌సుందర్ ఫోన్ చేశాడు. "వసుమతి గారూ, మీకేమైనా మతి పోయిందా? ఏడు దాచమంటే ఇరవై మూడు తవ్వుతారా?"

"దాచమన్నారని ఒక ఈమెయిల్ పెడతారా శ్యామ్ గారూ? అది చూసుకుని మూసేస్తాను."

"సోమవారం ఆ సీట్లో మీరుండరు."

"తెలుసు. సామాన్లు రేపే సర్దుకుంటాను, ముందు ఫోన్లు చేసుకోనివ్వండి."

శుక్రవారం ఏడున్నరకే వచ్చింది. ఆడిట్‌కి నాలుగున్నర గంటలు. పక్కన ప్రేమజ్యోతి వచ్చి నిలబడింది.

"సగం నంబర్లు ఇటివ్వండి. మీ మీద ప్రేమతో కాదు, టైమ్ చాలదు."

"నీ సాయం పడితే నీ పేరు కూడా కింద వెయ్యాలి. నా చిరుగులు నేను చూపించుకుంటాను. వెళ్ళి నీ పని చూసుకో."

"సరే. తేదీ గట్టిగా అడక్కండి. తిడతారు."

"తిట్లు నాకు కొత్తా?"

మొదటి నంబరు మూడేళ్ళ నాటిది. మోగుతూనే ఒక మగగొంతు ఎత్తింది. రిజిస్ట్రీ వాళ్ళు ఇచ్చిన నాలుగు వాక్యాలను అచ్చంగా అదే వరసలో అడగాలి. అడిగింది.

"మీ ఇంట్లో ఆపరేషన్ అయినవారు ప్రస్తుతం బతికే ఉన్నారా?"

"ఎవరమ్మా నువ్వు? తాగి ఫోన్ చేశావా? మా నాన్న పోయి మూడేళ్ళు."

"తేదీ చెప్పగలరా అండి?"

"ఇంటికి తీసుకుపొమ్మన్నది మీరు. అప్పుడు ఒక్కడు అడగలేదు. మూడేళ్ళకి తేదీ కావాల్సొచ్చిందా? ఎందుకు నీకు తేదీ?"

దీనికి జవాబు ఆ నాలుగు వాక్యాల్లో లేదు. వసుమతి స్క్రీన్ చూసింది, గడియారం చూసింది.

"నిన్నటిదాకా మా పుస్తకంలో ఆయన బతికే ఉన్నారండి. నేనే రాశాను."

అవతల టీవీ కట్టేశారు. తర్వాత ఆ గొంతు, ఈసారి కేక వెయ్యకుండా, "నీ చేతులు పడిపోను" అంది. ఫోన్ పెట్టేసింది.

వసుమతి 'మరణం' గడిలో గుర్తు పెట్టింది, తేదీ ఖాళీగా వదిలింది, తన పేరుతో తాళం వేసింది. ఇరవై రెండు మిగిలాయి. రెండో నంబరు నొక్కింది.