అట్ట కోసిన కత్తెర

నా బట్టల కత్తెరతో మా ఆయన అట్ట కోశాడు. కుట్టుపని వచ్చినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. రానివాళ్ళ కోసం చెబుతున్నాను: అట్ట కోసిన కత్తెర ఆపైన బట్టను కొయ్యదు, నములుతుంది. అడిగితే, "ఊరికే రాద్ధాంతం చేస్తావేం?" అన్నాడు. అంతే, ఆ పూట నుంచి నాలుగు రోజులు ఆయనతో మాట్లాడితే ఒట్టు. మొహం కూడా చూడలేదు.

మా కొట్టు ముందుగదిలో నేను పరదాలు కుడతాను. తెర వెనక గదిలో ఆయన సోఫాలకు రెక్సిన్ బిగిస్తాడు. మాటల్లేకుండా పని జరగడానికి ఆ తెర బాగానే సరిపోయింది.

ఇప్పుడు ఆసుపత్రి నడవాలో టైము మూడూ ఇరవై. ఆయన స్కాను గదిలో ఉన్నాడు. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందట.

"మనిషి బాగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

పక్కన మా ఆడపడుచు ఉంది. నా నోట్లోంచి, "ఒంటిగంటకండీ, భోజనం పెట్టాను," అని వచ్చేసింది.

"అయితే గడ్డ కరిగించే మందు చేతి నరంలోంచే ఎక్కించెయ్యొచ్చు. కానీ టైము మాత్రం నిజంగా అదేనా? ఆలస్యమయ్యాక ఇస్తే మెదడులో రక్తం కారే ప్రమాదం ఎక్కువ."

ఒంటిగంటకు నేను చేసిందల్లా కంచం తెర పక్కన స్టూలు మీద ఠక్కున పెట్టి, మొహం తిప్పుకుని రావడం. రెండింటికి చూస్తే కంచం కదల్లేదు. అలక ముదిరిందనుకుని, నాలుగు దులపడానికి తెర లాగాను. సగం బిగించిన సోఫా పక్కన నేలమీద పడి ఉన్నాడు. మూతి ఒకవైపుకు జారింది, కుడిచెయ్యి కదలట్లేదు.

"అబద్ధం చెప్పానమ్మా. నేను చూడలేదు."

"మరెప్పుడు చూశారు?"

"నాలుగు రోజులైంది."

ఆడపడుచు గిర్రున నావైపు తిరిగింది.

"చూడలేదు గానీ విన్నాను," అన్నాను గబగబా. "రెక్సిన్‌కి పిన్నులు కొడతాడు. టక్ టక్, కాస్త ఆగి ఇంకో టక్. ఎప్పుడూ అంతే. పొద్దుటి నుంచీ కొడుతూనే ఉన్నాడు. కస్టమరొకావిడ వాకిట్లోంచి ఫోన్ చేస్తే తలుపు తీశాను. అప్పుడే టక్ టక్ అంది, మూడోది పడలేదు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది, మనుషులొస్తే చప్పుడు ఆపాడు అనుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ టక్కుమనలేదు, అలకే అనుకున్నాను."

ఫోన్ తీసి ఆవిడ కాల్ చూపించాను. పదీ ఇరవై ఎనిమిది.

"కుడిచేత్తోనే కొడతారా?"

"కుడిచేత్తోనే."

డాక్టరమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. "చేతిలోంచి ఇచ్చే వేళ దాటిపోయింది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి, గడ్డ దగ్గరే కొంచెం కొంచెంగా మందు వదలాలి. నాలుగున్నరలోపు అయిపోవాలి. దీన్లోనూ ప్రమాదం ఉంది, చెబుతున్నాను."

ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాను.

"మూడున్నర గంటలు వదినా! పక్కగదిలోనే!" అంది ఆడపడుచు.

"తిట్టవే," అన్నాను. తిడితే బాగుండేది. కళ్ళు తుడుచుకుని కుర్చీ నావైపు జరిపింది.

కూర్చోలేను, నిలబడలేను. నడవా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. ఎవరో నీళ్ళిస్తే సీసా మూత తీసి, తాగకుండానే బిగించాను. నాలుగైంది. నాలుగూ పదైంది. ఆయన్ని తీసుకెళ్ళిన గది తలుపు వెనక నుంచి డాక్టరమ్మ గొంతు: "చెయ్యెత్తండి. ఏదీ, ఎత్తండి." జవాబు లేదు. ఆయన గొంతు వినకూడదని పంతం పట్టినదాన్ని సిగ్గు విడిచి తలుపుకు చెవి ఆనించాను. మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే నిశ్శబ్దం. నేనే చంపుకున్నాను అనుకున్నాను.

నాలుగూ ఇరవై అయిదుకి తలుపు తెరుచుకుంది. "గడ్డ చాలావరకు కరిగింది. మాట ఇంకా రాలేదు. మీరు పలకరించి చూడండి," అంది డాక్టరమ్మ.

బల్లమీద ఉన్నాడు. మూతి ఇంకా వంకరగానే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆ మొహం చూశాను. ఏమండీ అనబోయాను. చివరికి నోటికి వచ్చింది ఒక్కటే.

"మళ్ళీ నా కత్తెరతో అట్ట కోస్తారా?"

ఆయన నన్ను చూశాడు. దుప్పటి మీద కుడిచేతి వేళ్ళు రెండు మెల్లగా విడివడి, దగ్గరికొచ్చాయి. మళ్ళీ విడివడ్డాయి.

"కో... స్తా."

"కొయ్యండి," అన్నాను ఏడుస్తూ. "కొట్లో ఉన్న అట్టలన్నీ కొయ్యండి."