రెండో నంబరు మెషీన్

నా పేరు బసీలియో. ఇప్పటికీ పదిమంది నన్ను ‘బాస్’ అని పిలుస్తారు. ఆ పదిమంది తప్ప ఇంకెవరూ అలా పిలవరు. మా ఆవిడ పెర్లా అసలే పిలవదు.

మా ఊళ్లో లాపాజ్ బజారు వెనక సందులో, బాచోయ్ అనే నూడుల్స్ సూప్ అమ్మే కొట్టు పక్కన, పదిహేనేళ్లు కంప్యూటర్ షాపు నడిపాను. కౌంటర్ మీద నా మెషీన్, దాని ఎదుట పది సీట్లు. ఆ నాలుగు గోడల మధ్య నా మాటే చట్టం. బూతు మాట్లాడితే బయటికి, టేబుల్ గుద్దితే బయటికి. టైమైపోతే “నాలుగో సీటూ, లెయ్యి!” అని అరిచేవాణ్ణి. ఎంత పెద్ద రౌడీ అయినా నోరు మూసుకుని లేచేవాడు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, షాపు మూతబడింది. నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. కాలు కొంచెం తిరిగొచ్చింది.

మిగిలింది శనివారం. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆ పాత పది సీట్ల వాళ్లూ ఎక్కడెక్కడి నుంచో ఇంటర్నెట్ మీదుగా మా ఇంట్లో ఉన్న నా మెషీన్‌లోకి వచ్చి, అప్పట్లో షాపులో ఆడిన యుద్ధం ఆటే ఆడతారు. ఓన్యోక్ ఇప్పుడు ఓడ మీద వంటవాడు. జెపోయ్ రియాద్‌లో లిఫ్టులు బాగుచేస్తాడు. అది నాకెంత ముఖ్యమో చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది, అయినా చెబుతాను. ఆరు రోజులు నేను కాలీడ్చుకుంటూ తిరిగే మనిషిని. శనివారం మూడు నుంచి ఆరు దాకా బాస్‌ని.

ఇంటి రౌటర్ మీద పదిమందిని ఆటకి కూర్చోబెట్టడం తేలికనుకోకండి. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు మా వీధి మొత్తానికీ కలిపి నెట్‌లో ఒకే చిరునామా ఇచ్చారు. బయటివాడు వచ్చి తలుపు కొడితే అది ఏ ఇంటి తలుపో ఎవడికి తెలుస్తుంది? మాకంటూ ఒకటి, మారనిది కావాలని మూడు రోజులు ఫోన్లో గొంతు చించుకున్నాను. అది వచ్చాక రౌటర్ పేజీ తెరిచి, ఈ ఆట కోసం ఎవరొచ్చినా లోపల రెండో నంబరు మెషీన్ దగ్గరికి పంపమని రాశాను. ఒకటో నంబరు రౌటర్ది. తీగ తగిలించిన మెషీన్లలో ముందు లేచినదానికి రెండు, తర్వాత లేచినదానికి మూడు. మరి నాదే రెండు ఎలా అవుతుందంటారా? అది షాపు రూలు. కరెంటు పోయి వస్తే కౌంటర్ మెషీన్ ముందు, మిగతావన్నీ తర్వాత. పదిహేనేళ్లలో ఆ రూలు ఒక్కసారీ తప్పలేదు.

మా ఆవరణలోనే ముందు ఇంట్లో నా బామ్మర్ది రోడెల్ ఉంటాడు. రెండిళ్లకీ ఒకటే లైను. నా రౌటర్ నుంచే పెరటి మీదుగా వాడింటికి తీగ. రిపేరు పని నా షాపులోనే నేర్చుకున్నాడు. నేను పేజీలో రాస్తుంటే వాడు వెనక నిలబడి చూస్తున్నాడు.

“బావా, ఆ రెండుని నీ మెషీన్‌కే కట్టెయ్యి. ఇదిగో, ఇక్కడ నొక్కితే అయిపోతుంది. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా ఎవరిది ముందు లేస్తే వాళ్లదవుతుంది.”

“నాకంటే ముందు లేచే మొనగాడెవడోయ్ ఈ ఆవరణలో?”

“అది కాదు బావా, నీ కాలు…”

“నా కాలి సంగతి నీకెందుకు? గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది నేను.”

“సర్లే బావా,” అని వెళ్లిపోయాడు. వాడెప్పుడూ అంతే, ఎదురు చెప్పడు.

“వాడు చెప్పింది వింటే నీ సొమ్మేం పోయింది?” అంది పెర్లా. పోయేదేంటో ఆవిడకి ఎలా చెప్పను?

పోయిన నెలలో ఒక శనివారం రెండున్నరకి కరెంటు పోయింది. మూడుకి పది నిమిషాలుండగా వచ్చింది. నేను అప్పుడు దొడ్లో ఉన్నాను. ఒంటిచేత్తో నిక్కరు పైకి లాక్కోవడానికి ఎంతసేపు పడుతుందో తెలియాలంటే పక్షవాతం రావాలి. కిందా మీదా పడి వచ్చి, మెషీన్ లేపి, వాళ్లంతా వచ్చి చేరే ఆట గది తెరిచి కూర్చున్నాను.

మూడైంది. మూడుంపావైంది. ఒక్కడూ రాలేదు.

“ఎక్కడ చచ్చార్రా అందరూ?” అని ఓన్యోక్‌కి మెసేజ్ పెట్టాను.

“ఓడ మీద సిగ్నల్ లేదు బాస్,” అని జవాబు. సిగ్నల్ లేనివాడు జవాబు ఎలా పెట్టాడో! జెపోయ్‌కి అప్పటికప్పుడు డ్యూటీ పడిందట. ఇంకొకడి పెళ్లానికి జ్వరమట. పదిమందికీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కష్టాలొచ్చాయి.

అనుమానం వచ్చి రౌటర్ పేజీ తెరిచాను. రెండో నంబరు ఎదురుగా రోడెల్ మెషీన్ పేరుంది. నాది మూడు. వాడు తన కూతుళ్లతో ఆడుకోవడానికి అదే ఆట పెట్టుకున్నాడు, మెషీన్ లేస్తే ఆట గది కూడా దానంతటదే తెరుచుకుంటుంది. ఆ పద్ధతీ నేను నేర్పిందే. అంటే వాళ్లు మానేయలేదు! నా చిరునామాకే వచ్చారు, రౌటర్ తీసుకెళ్లి వాడింట్లో కూర్చోబెట్టింది. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. మరి అబద్ధాలెందుకు చెప్పారు?

కర్ర తీసుకుని పెరడు దాటాను. నిజం చెప్పాలంటే వాణ్ణి నాలుగు తన్నాలనే వెళ్లాను. కిటికీ దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ లేని ఓన్యోక్ గొంతు స్పీకర్లోంచి ఖంగుమంటోంది.

“నాలుగో సీటూ, లెయ్యి! టేబుల్ గుద్దితే తంతా!”

అచ్చం నా గొంతు. నిరుడు మూతి వంకరపోయాక వచ్చిన నత్తితో సహా దించేశాడు. మిగతావాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

“ఛీ, నోర్ముయ్యండ్రా,” అన్నాడు రోడెల్. “ఆయన అక్కడ ఒక్కడే కూర్చుని ఉంటాడు. నా మెషీన్ ఆపేసి, వెళ్లి నంబరు సరిచేసొస్తాను. అందరూ అక్కడికి రండి.”

“ఈ ఒక్క శనివారం వదిలెయ్ అన్నా,” అని జెపోయ్ బతిమాలాడు. “అక్కడ హాజరు, ఆ తిట్లు. పైగా ఆ డొక్కు మెషీన్ నిమిషానికోసారి బిగుసుకుపోతుంది. ఇక్కడ ఎంత హాయిగా ఉందో చూడు.”

“ఆయనకి ఇదొక్కటే ఉందిరా.”

“తెలుసన్నా. ఏడాది నుంచీ ప్రతి శుక్రవారం నువ్వు ఫోన్ చేసి బతిమాలబట్టే కదా వస్తున్నాం. బాస్ కోసం ఎవడొస్తాడు? నీ మొహం చూసి వస్తున్నాం.”

వాడు నా గదిని దొంగిలించి ఉంటే ఎంత బాగుండేది! దొంగని తిట్టొచ్చు, ఆవరణంతా వినపడేలా అరవొచ్చు. ఏడాదిగా నాకోసం పదిమంది కాళ్లు పట్టుకున్నవాణ్ణి ఏమనను? వచ్చిన దారినే వెనక్కి నడిచాను. కర్ర చప్పుడు కాకుండా నడిచాను.

రౌటర్ పేజీ ఇంకా తెరిచే ఉంది. మంచివాడైతే ఏం చేస్తాడో నాకు తెలుసు. రెండుని రోడెల్ మెషీన్‌కి కట్టేసి, ఇక నాకు ఓపిక లేదురా, అక్కడే ఆడుకోండి అంటాడు. నా వేలు అక్కడి దాకా వెళ్లింది కూడా. వెళ్లి వెనక్కొచ్చింది. నేనంత మంచివాణ్ణి కాదు. జాలిపడి వచ్చినా సరే, వాళ్లు నాకు కావాలి. ఈ మాట అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. అయినా రెండుని నా మెషీన్‌కే కట్టేశాను, వాడు మొదట్లో చెప్పినట్టే. మెషీన్ ఆపి మళ్లీ లేపాను.

రోడెల్ తన మెషీన్ ఆపేసి ఆయాసపడుతూ వచ్చాడు. “బావా, కరెంటు పోయింది కదా, లైను కాస్త…”

“సరిచేశాన్లే. నువ్వు ఫో.”

నాలుగింటికి పదిమందీ వచ్చారు. ఎప్పటిలాగే హాజరు పిలిచాను. ఒక్కొక్కడూ “ఉన్నా బాస్,” అన్నాడు.

“సిగ్నల్ వచ్చిందా ఓన్యోక్?”

“ఇప్పుడే వచ్చింది బాస్.”

ఆట మధ్యలో నాలుగో సీటువాడు టేబుల్ గుద్దిన చప్పుడు స్పీకర్లోంచి వినిపించింది. తిట్టబోయి నోరు తెరిచాను. అరుపు వాళ్ల చెవులకి ఎలా వినిపిస్తుందో గుర్తొచ్చి మూసేశాను. అప్పటి నుంచి ఎవర్నీ తిట్టలేదు. “బాస్ మెత్తబడ్డాడు,” అని నవ్వుతున్నారు. ప్రతి శనివారం పదిమందీ టైముకి వస్తున్నారు.

శుక్రవారం సాయంత్రం మాత్రం, పెర్లా ఉక్కపోతని ఎంత గోల పెట్టినా, పెరటి వైపు కిటికీ మూసేస్తాను. ముందు ఇంట్లో రోడెల్ ఫోన్లు మొదలుపెట్టేది ఆ వేళకే.