శిక్షణకు వెళ్ళిన చెయ్యి

నా కుడిచెయ్యి శిక్షణకు వెళ్ళి నేటికి తొమ్మిది రోజులు. మోచేతి దగ్గర కొంగు చుట్టుకుని, ఎడమచేత్తో గంజి కాచుకుంటున్నాను.

మూడు రోజులన్నారు. చిన్న వ్యాపారాలకు సేవలు అందించే ప్రాజెక్టట. డబ్బు మంచు కురిసే దేశం ఇస్తుంది, సలహాలు పట్నం నుంచి వస్తాయి. ప్రాజెక్టు అధికారి సుధాంశు గారు మా పాక ముందు జీపు దిగి, "మీరొచ్చి కూర్చోవడం ఎందుకమ్మా? పని చేసేది చెయ్యే కదా, చెయ్యిని పంపండి చాలు" అన్నారు. న్యాయంగానే అనిపించింది. విప్పి ఇచ్చాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

నేను పూతరేకులు తీస్తాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఆ లాగు కుడిచేతికే తెలుసు, నాకు తెలియదు. అది రాకపోతే పొయ్యి వెలగదు. పొయ్యి వెలగకపోతే నేనూ మా అత్తా తినేది గాలే.

పదో రోజు నేనే పట్నం వెళ్ళాను. శిక్షణ పెద్ద హోటల్లో. తెర మీద బొమ్మ మారినప్పుడల్లా హాలు ఒక వరుస పొడుగు పెరుగుతోంది. కుర్చీల్లో అన్నీ కుడిచేతులే. కుమ్మరి చెయ్యి, మంగలి చెయ్యి, బుట్టలల్లే చెయ్యి. ఒక్కోదాని ముందు ఒక్కో బిస్కెట్ల ప్లేటు ఉంది. తినే నోళ్ళు ఊళ్ళల్లో పస్తున్నాయి.

"నా చెయ్యి నాకిచ్చెయ్యండి బాబూ. పొయ్యారిపోయి పది రోజులైందండి."

"ఇంకా ఎదగలేదమ్మా. ఇప్పుడిస్తే మళ్ళీ పని చేసుకుంటుంది" అంటున్నారు సుధాంశు గారు.

"చెయ్యున్నది పని చెయ్యడానికేనండి."

"అదేనమ్మా మీ వెనకబాటు."

నా ఒళ్ళు మండిపోతోంది. ఆరో వరుసలో ఉంది నాది. పేరు పెట్టి పిలిస్తే, ప్రశ్న అడిగేదానిలా పైకి లేచి నిలబడింది. నన్ను గుర్తుపట్టలేదు. వేళ్ళ మీది కాలిన మచ్చలు లేవు. శుభ్రత కోసం తీసేశారట.

పన్నెండో రోజు దాన్ని జీపు వెనకసీట్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టి తెస్తారు. తగిలించుకుంటాను. అది పిండి వైపు చూడదు, గుడ్డ వైపు చూడదు. సబ్బూ పీచూ తీసుకుని తిన్నగా కుండ మీద పడుతుంది.

ఆ కుండ మా అత్తది. నెలల తరబడి నూనె రాసి, మంట పెట్టి, మళ్ళీ రాసి మచ్చిక చేసిన కుండ. దాని నలుపే మా అన్నం. ఆ నలుపు కడిగితే ఇంక రేకు లేవదని మా వీధిలో పాలు తాగే పిల్లకీ తెలుసు. ఎడమచేత్తో పట్టుకుని గుంజుతున్నాను. కుడిది వదలదు, బిస్కెట్ల బలం.

అత్త కేక పెడుతుంది. "ఒసేయ్ వీరవేణీ! కుండ కడుగుతున్నావేంటే, మతుండే చేత్తన్నావా?"

"నేను కాదత్తా, చెయ్యి!"

"చెయ్యెవత్తిదే మరి?"

కుండ ఎర్రగా తేలింది. పిండి వేస్తే బంకలా అంటుకుంటోంది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. అత్త మూల కూర్చుని ఏడుస్తోంది, నేను ఏడవను. వీళ్ళ మొహాలు మండ!

మర్నాడు మంచు దేశం వాళ్ళు ఫలితం చూడడానికి వస్తారు, సుధాంశు గారిని ముందు పెట్టుకుని. నా కుడిచెయ్యి అందరికీ నమస్కారం పెట్టి, హాజరు పట్టీలో సంతకాలు చేస్తోంది.

"ఏదమ్మా, ఒక రేకు తియ్యి" అంటారు సుధాంశు గారు.

"కుండ చచ్చిపోయిందండి."

"ఒక కుండ పోతే ఇంకోటి వెతుక్కోవాలి. మేము నేర్పింది అదే కదా."

"ఆయ్, అలాగేనండి. వంగండి."

ఆయన మర్యాదగా వంగి, పొయ్యి రాళ్ళ మీద గడ్డం ఆనించి, నోరు తెరుస్తారు. నోట్లో కొబ్బరాకు దోపి అంటిస్తాను. జుట్టు టోపీలా ఊడి వస్తుంది. కింద తల నల్లగా, నున్నగా ఉంది. ఎన్ని సభల నూనె పట్టిందో! లాగు రాని ఎడమచేత్తోనే గుడ్డ ముంచి లాగుతాను.

రేకు లేస్తుంది. దానితో పాటు ఆయన మొహం కూడా లేస్తుంది. ఎండకు పట్టి చూస్తే, రేకులో కళ్ళార్పుతూ, లబ్ధిదారులు సంతోషంగా ఉన్నారని చెబుతోంది. బెల్లం చల్లి, నెయ్యి పూసి, మడత పెడతాను. మడతలోంచి ఇంకా చెబుతూనే ఉంది. అత్త కళ్ళు తుడుచుకుని, కొరికి చూసి, "బానే ఉందే" అంటుంది.

కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. సుధాంశు గారు లేచి, మోకాళ్ళు దులుపుకుని, పక్క ఊళ్ళో శిక్షణకు టైమైందని జీపెక్కుతున్నారు. మెడ మీద పొగలు కక్కుతూ వెళ్ళిపోతోంది నా కుండ.

"అది నాదండీ! ఈసారి ఇవ్వను!"

జీపు కదిలింది. నేను పిండి గిన్నె నడుముకు కట్టుకుని వెనక కమ్మీ మీదికి ఎక్కాను. ఒక్కో గుంతకూ ఒక్కో రేకు లాగుతున్నాను. లాగిన కొద్దీ మొహం వస్తూనే ఉంది. రోడ్డు పొడుగునా ఆయన మొహాలు గాలికి ఎగిరి ఇళ్ళ మీద వాలుతున్నాయి. కుడిచెయ్యి లేని జనం బయటికొచ్చి, నోళ్ళు పైకెత్తి, వాటిని గాల్లోనే అందుకుని కరకరా నములుతున్నారు.