నేనన్నానట

"పద్నాలుగేళ్లుగా లేని స్నేహం ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ముందు అది కనుక్కో," అన్నాడు మా ఆయన, నేనప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆదివారం పొద్దున ఆయన స్నేహితుల దగ్గరికి పేకాటకు వెళ్తాడు. పెళ్లయినప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నాడు. ఆ స్నేహాలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయని ఈ ఇంట్లో ఏనాడూ ఎవరూ అడగలేదు. ఆ చొక్కాలు ఇస్త్రీ చేసే నేనూ అడగలేదు.

"సినిమాకేగా," అన్నాను.

"ఇవాళ సినిమాకే. రేపు పాలసీ కట్టమంటుంది, లేకపోతే బరువు తగ్గే పొడి డబ్బాలు అంటగడుతుంది. చూస్తూ ఉండు."

సోఫాలో కూర్చుని గోళ్లు తీసుకుంటున్న మా అత్తగారు తలెత్తకుండానే, "ఊరికే ఎవరూ టికెట్టు కొనిపెట్టరమ్మా," అంది.

వాళ్లని అని ఏం లాభం, నాకూ అనుమానంగానే ఉంది. నేనొక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రే తీస్తాను. రోజుకు నలభై మందిని ఆ చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి అని చెబుతుంటాను. గురువారం మధ్యాహ్నం సెంటర్ ఫోనుకి కాల్ వచ్చింది. "పీటా, నేనే, నిచ్చెనని," అంది అవతలి గొంతు. ఎక్స్‌రే కోర్సు చదివే రోజుల్లో హాస్టల్లో మాది ఒకే గది. అది తాటిచెట్టంత పొడుగు, నేను దాని భుజానికి కూడా అందను. వార్డెన్ మమ్మల్ని నిచ్చెనా, పీటా అని పిలిచేది. అదిప్పుడు పెద్దాసుపత్రిలో పని చేస్తోంది. ఎవరో పేషెంటు పాత ఎక్స్‌రే పట్టుకొస్తే, కవరు మీది చేతిరాత చూసి నన్ను గుర్తుపట్టిందట. "కుడి అని రాసి దాని కింద రెండు గీతలు గీసేది ఈ లోకంలో నువ్వొక్కదానివే," అంది. ఆదివారం మ్యాట్నీకి రెండు టికెట్లున్నాయంది. మేం వార్డెన్ కళ్లుగప్పి నాలుగుసార్లు చూసిన సినిమాకు రెండో భాగం వచ్చిందట. మొదటి భాగంలో ఒక టైలరూ ఒక బస్సు కండక్టరూ ఒకే గదిలో అద్దెకుంటారు. అంతే కథ. ఇద్దరాడవాళ్లు, ఒక గది, బోలెడంత నవ్వు.

వస్తానని అనేశాను. ఫోను పెట్టేశాకే అనుమానం మొదలైంది. ఎందుకంటే నిచ్చెన నన్ను ఒకసారి ముంచింది. కోర్సు చివర్లో ఇద్దరం పెద్దాసుపత్రి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాం. ఈలోగా నా పెళ్లయింది, పాప పుట్టింది. పాపకు మూడో నెల వచ్చినప్పుడు ఒక సాయంత్రం మా ఆయన వచ్చి, "నీ ప్రాణస్నేహితురాలు ఆ ఉద్యోగంలో చేరిపోయిందట. నీకు మాట మాత్రమైనా చెప్పిందా? అందుకే అంటాను, ఆడవాళ్లకి ఆడవాళ్లే శత్రువులని," అన్నాడు. పాప గుడ్డలు ఉతుకుతూ రెండు రోజులు ఏడ్చాను. అప్పట్నుంచీ ఎవరు నవ్వుతూ పలకరించినా ముందు వాళ్ల చేతుల్లో ఏముందో చూడటం అలవాటైపోయింది. మా సెంటర్లో కొత్తగా చేరిన రిసెప్షన్ అమ్మాయి ఓ రోజు నాకు యాపిల్ పండు తెచ్చిచ్చింది. షిఫ్టు మార్చుకోవడానికే అనుకున్నాను. తీరా చూస్తే నిజంగా అందుకే. అలాంటివి ఒకటి రెండు నిజమైతే చాలు, మనిషి మిగతా లోకాన్నంతా అదే కొలబద్దతో కొలవడానికి.

సినిమాకు వెళ్లడం తప్పేం కాదనీ, ఇల్లు చూసుకుని వెళ్లమనీ చెప్పి మా ఆయన వెళ్లిపోయాడు. రెండు పూటలకూ వండిపెట్టాను. గిన్నెలు తోమాను. అత్తగారి మాత్రలు పూటపూటకూ వేరు చేసి డబ్బాలో పెట్టాను. పాప యూనిఫాం ఆరేశాను. పాప అంటే ఇప్పుడు నాకంటే పొడుగు. నేను చీర కట్టుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి, "ఎవరితో వెళ్తున్నావమ్మా?" అంది.

"నా స్నేహితురాలితో."

"నీకు స్నేహితురాలుందా?"

అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

థియేటర్ గేటు దగ్గర అందరికంటే ఎత్తుగా ఒక తల కనిపించింది. జుట్టు సగం నెరిసింది, పొట్టిగా కత్తిరించుకుంది. భుజానికి పెద్ద సంచీ. అందులోంచి ఖాకీ రంగు కవరొకటి పైకి తొంగిచూస్తోంది. పాలసీ కాగితాలే అనుకున్నాను. అది నన్ను వాటేసుకోబోయి, ఎందుకో ఆగి, చెయ్యి పట్టుకుని వదిలేసింది. ఆ ఆగడం నేను గమనించాను. లోపల కూర్చున్నాక పిల్లల గురించీ మోకాళ్ల గురించీ రెండు ముక్కలు మాట్లాడుకున్నాం. తను పెళ్లి చేసుకోలేదంది. ఎందుకని నేనడగలేదు, తనూ చెప్పలేదు. లైట్లు ఆరాక తను వంగి సంచీలోంచి ఆ కవరు తీసింది. చీకట్లో సంతకాలు పెట్టిస్తుందా ఏమిటి అనుకున్నాను. అందులోంచి ఒక శాలువా బయటికొచ్చింది. సగం తన మోకాళ్ల మీదా, సగం నా మోకాళ్ల మీదా కప్పి, "ఇక్కడ ఏసీకి చచ్చిపోతాం," అంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, సినిమా చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ టైలరూ కండక్టరూ వియ్యపురాళ్లయ్యారు. గంటసేపు చీరల కోసం, మర్యాదల కోసం, కొడుకుల మీద పెత్తనం కోసం జుట్లు పట్టుకున్నారు. హాలంతా పడీ పడీ నవ్వుతోంది. ఇద్దరాడవాళ్లు సఖ్యంగా ఉంటే చూసేవాళ్లుండరని ఎవరు చెప్పారో వీళ్లకి. మొదటి భాగాన్ని ఎవరో కావాలనే మా చేతుల్లోంచి లాక్కుని పాడుచేసినట్టనిపించింది. నిచ్చెన కూడా నవ్వడం లేదు. విశ్రాంతికి ముందు తెర మీద కండక్టర్, "నా మొహం చూడనన్నావటగా" అని టైలర్ని నిలదీసింది. నిచ్చెన నా వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

లైట్లు వెలిగాయి. చుట్టూ జనం లేచి బయటికి పోతున్నారు. తను తెర వైపే చూస్తూ, "నువ్వూ సరిగ్గా ఆ మాటే అన్నావు," అంది.

"ఏ మాట?"

"నా మొహం చూడనని."

"ఎవరితో అన్నాను?"

"మీ ఆయనతో. ఆయనే చెప్పాడుగా నాకు."

నాకేమీ అర్థం కాలేదు. తనకూ నా మొహం చూశాకే అనుమానం వచ్చినట్టుంది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది. దరఖాస్తుల్లో మేమిద్దరం హాస్టల్ అడ్రసే రాశాం కాబట్టి ఇంటర్వ్యూ ఉత్తరాలు రెండూ అక్కడికే వచ్చాయి. అప్పటికి తనింకా అక్కడే ఉంటోంది. నా ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చింది. గేటు దగ్గర మా ఆయన స్కూటర్ కడుగుతున్నాడు. "లోపల నువ్వు పాపకి నీళ్లు పోస్తున్నావు. నీ పాట కూడా వినిపిస్తోంది. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఉత్తరం తీసుకున్నాడు. ఆవిడకి ఉద్యోగం మీద ఆశ లేదండీ, మీరొచ్చి మనసు పాడుచేస్తున్నారని బాధపడుతోంది, మీ మొహం చూడనంటోంది, ఏమీ అనుకోకండి అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నావే. అరిచి చెబితే నమ్మేదాన్ని కాదు."

"తర్వాత ఫోన్ చెయ్యొచ్చుగా."

"మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఆయనే ఎత్తాడు."

అప్పట్లో మా ఇంట్లో ఫోనంటే ఆయన జేబులో ఉండేదే. అది గుర్తొచ్చినా వెంటనే నమ్మబుద్ధి కాలేదు. ఒక అబద్ధం పద్నాలుగేళ్లు నాతో కాపురం చేసిందనుకోవడం కంటే, శాలువా కప్పిన మనిషి అబద్ధం చెబుతోందనుకోవడం నాకు సుఖంగా ఉంది. "నన్ను ముంచి నువ్వొక్కదానివే చేరావనుకున్నాను," అన్నాను.

"నేనా?" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఉన్నవి రెండు పోస్టులే. రెండోదాంట్లో ఓ బట్టతలాయన చేరాడు. ఇప్పటికీ నా ఎదురు కుర్చీలోనే కూర్చుంటాడు. రోజూ వాణ్ణి చూసినప్పుడల్లా నీ మీద మండిపోయేది నాకు."

"మరి అంత మండినదానివి ఇప్పుడెందుకు పిలిచావు?" ఉదయం నుంచీ గొంతులో ఉన్న ప్రశ్న బయటికొచ్చేసింది.

తను శాలువా అంచు సర్దింది. "ఈ సినిమాకి ఒక్క టికెట్టు కొనుక్కోబుద్ధి కాలేదే," అంది.

రెండో సగం ఏం చూశానో నాకు గుర్తులేదు. చివర్లో ఆ ఇద్దరినీ కలపడానికి కొడుకొచ్చి వాళ్ల చేతులు కలిపాడు. "వీళ్లకి చేతుల్లేవా?" అంది నిచ్చెన పైకే. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చేసరికి ఆరు కాలేదు. మా ఆయన టీవీ ముందున్నాడు, అత్తగారు పక్కనే ఉంది. "ఎంతకు అంటగట్టింది?" అన్నాడు. దారంతా నేను ఒక్కటే ఆలోచించుకుంటూ వచ్చాను. నిలదీస్తే ఆయన నన్నే నిలదీస్తాడు, అది నాకు తెలుసు. అందుకని చెప్పులు విప్పుతూ మామూలుగా అన్నాను.

"ఏం అంటగట్టలేదు. ఆ ఉత్తరం గురించి అడిగింది."

ఏ ఉత్తరమో నేను చెప్పలేదు.

"పద్నాలుగేళ్లయినా ఆవిడ ఆ ఉత్తరాన్ని వదల్లేదా?" అన్నాడు ఆయన.

అనేశాక గానీ తనేమన్నాడో తనకు తెలియలేదు. ఈలోగా అత్తగారు, "ఏ ఉత్తరంరా? ఆ ఉద్యోగం కాగితమా? అది వద్దని తనే అందిగా," అంది.

"నేనన్నానా అత్తయ్యా?"

"నువ్వే అన్నావని వీడు చెప్పాడు. పసిపిల్ల తల్లివి, ఎంత బుద్ధిగా ఆలోచించావో అని నేను నలుగురికీ చెప్పుకున్నాను కూడా." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "అన్లేదుట్రా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అని ఆయన టీవీ శబ్దం పెంచాడు. నాతో, "నీ మంచికే చేశాను. అక్కడ చేరితే మాత్రం ఏం ఉద్ధరించేదానివి? ఇక్కడ చేస్తున్నదీ ఆ పనేగా," అన్నాడు.

 రాత్రి భోజనమయ్యాక అత్తగారు నన్ను పిలవకుండా తన మాత్రలు తనే తీసుకుని వేసుకుంది.

ఉత్తరం పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. నా మనసంతా ఆ 'అన్నానట' దగ్గరే ఆగిపోయింది. నేను లోపల పాపకు నీళ్లు పోస్తూ పాడుకుంటుంటే, గేటు దగ్గర నా మాటలు నా ప్రమేయం లేకుండానే బయటికెళ్లాయి. నాకు స్నేహాలు నిలవవనీ, మనుషులతో ఎలా మెలగాలో తెలియదనీ ఆయన అంటుంటే నిజమే కాబోలు అనుకుని ఇన్నేళ్లూ తల దించుకున్నాను. ఎవరైనా రావడం మానేస్తే తప్పు నాలోనో వాళ్లలోనో వెతికాను. మధ్యలో నిలబడిన మనిషిని ఒక్కసారి కూడా వెతకలేదు. అనుమానం నాకు బాగానే నేర్పాడు, అది తన వైపు మాత్రం తిరగకుండా నేర్పాడు.

మర్నాడు మధ్యాహ్నం సెంటర్లో పేషెంట్లు లేని వేళ, ఎక్స్‌రే గది తలుపు గడియ వేసి మా అక్కకు ఫోన్ చేశాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆరేళ్లుగా మా గడప తొక్కలేదు. తన కొడుకు పెళ్లిలో మేం సరిగా కలుపుగోలుగా లేమని అలిగిందని మా ఆయన చెప్పాడు. నేనూ పంతం పట్టి పిలవడం మానేశాను.

"అక్కా, నేనే. ఒక్కమాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నువ్వు మా ఇంటికి రావద్దని నేనన్నానని నీతో ఎవరైనా చెప్పారా?"

 అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత అక్క, గొంతు బాగా తగ్గించి, అడిగింది.

"ఆయన పక్కన లేడు కదమ్మా?"