కుసకాబె గారి పైకప్పు

మా ప్రయోగశాలలో కాంక్రీటు దూలం విరిచే రోజున, అది ఎన్ని టన్నులకి విరుగుతుందో అందరూ చీటీ రాసి బోర్డుకి గుచ్చాలి. అసలు అంకెకి అందరికంటే దూరంగా రాసినవాళ్ళు మధ్యాహ్నం అందరికీ సోబా నూడుల్స్ తినిపించాలి. ఆ రోజు డెబ్బై రెండేళ్ళ ఇంజనీరు కుసకాబె గారు నూట ఇరవై అని రాశారు. నేను డెబ్బై అన్నాను.

"నీకు లెక్కలొచ్చా, మినెకో?" అన్నారాయన నవ్వుతూ.

"రావండీ. ముప్పై ఏళ్ళుగా విరిగిన ముక్కలు ఊడ్చేది మాత్రం నేనే."

ఒళ్ళు మండింది. కానీ ఆయన్ని చూస్తే జాలి కూడా వేసింది. నలభై ఏళ్ళ కిందట పార్కు అడుగున నీళ్ళ ట్యాంకు కట్టించింది ఆయనే. పైకప్పు ఆరడుగుల మందం. అంత మందానికి కాంక్రీటు లోపల కట్టే ఇనప రింగులెందుకని మానేశారు. అప్పట్లో అందరూ అంతే. అడుగెత్తు దూలం ఇరవై టన్నులు మోస్తే ఆరడుగులది ఆరింతలు మోస్తుందనుకున్నారు. ఈ ఏడు ఆ పార్కులో మట్టి ఎత్తు పెంచారు. శనివారం పెద్దల్ని తలుచుకునే బోన్ పండగ, ఊరు ఊరంతా అక్కడే నాట్యం ఆడుతుంది. అందుకే ఆ పైకప్పులాంటిదే ఒక ముక్క పోసి విరుస్తున్నాం. ఎనభై ఐదు దాటితేనే భరోసా.

దూలం మీద బరువు పెంచుతూ పోతే అరవై టన్నుల దగ్గర వెంట్రుకంత పగులు కనబడింది. అది ఎక్కడిదాకా పాకిందో గీత గీద్దామని కుసకాబె గారు పెన్ను పట్టుకుని దగ్గరికి పోయారు.

"ఇవతలికి రండి! రింగుల్లేనిది చెప్పి విరగదు!" అని కోటు పట్టి లాగాను. పెన్ను జారిపోయింది.

అరవై ఎనిమిది. ఢామ్మని ఏటవాలుగా తెగి పడింది. ఇందాక ఆయన నిలబడ్డ చోట బండెడు ముక్క, దాని కింద ఆయన పెన్ను.



"ఒక్కటే కదా విరిచాం. ఇంకోటి పోసి చూద్దామా?" అన్నారాయన. బతిమాలుతున్నట్టే ఉంది గొంతు.

"పోసి గట్టిపడేసరికి నెల పడుతుందండీ. శనివారం ఎల్లుండే."

ఆయన టోపీ తీసి స్టూలు మీద కూలబడ్డారు. బార్లీ టీ ఇస్తే గడగడా తాగారు. తరవాత వార్డు ఆఫీసుకి ఫోను చేశారు.

"నాట్యం ఇంకోచోట పెట్టుకోండి. పార్కుకి ఇవాళే తాళం వేయండి... ఎవరు చెప్పారంటారా? కట్టినవాణ్ణే చెబుతున్నాను. గేటు దగ్గర రాతి మీద నా పేరే ఉంటుంది, చూసుకోండి."

పందెం ఓడినందుకు అందరికీ సోబా తినిపించారు. ఆయన మాత్రం గిన్నె ముట్టలేదు. నా గిన్నెలోని వేయించిన రొయ్య తీసి ఆయన గిన్నెలో వేశాను.

"తినండి సార్. శనివారం ఎవరికీ ఏమీ కాదు."